బుజ్జిగాడికి విరేచనాలు పట్టుకుంటే

చిట్టితల్లీ,

మీ అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు పిల్లలకి మోషన్స్ పట్టుకున్నాయని, మన పది నెలల బుజ్జిగాడికీ వస్తే ఏం చెయ్యాలని నిన్న ఫోన్‌లో అడిగావు. ఫోన్‌లో విన్నవి ఆ టెన్షన్‌లో గుర్తుకు రావు. అందుకే రాసి పంపుతున్నాను. ఫ్రిజ్ మీద అంటించుకో. పిల్లల వార్డులో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ తల్లులందరికీ చెప్పినవే ఇవి.

ముందు ఒక్కటి మనసులో పెట్టుకో. విరేచనాలు ఎలా ఆపాలా అని కంగారుపడొద్దు. చాలావరకు అవి వాటంతట అవే కొన్ని రోజుల్లో తగ్గుతాయి. ఈలోపు ఒంట్లోంచి పోయే నీళ్ళూ ఉప్పూ పిల్లాడి ప్రాణం మీదకి తెస్తాయి. పోయినదాన్ని పోయినట్టే నోటితో తిరిగి పోస్తూ ఉండటమే నీ పని. అందుకే ఓఆర్‌ఎస్‌ (నీళ్ళలో కలిపి పట్టే ఉప్పు, గ్లూకోజు పొడి) ప్యాకెట్లు ఇంట్లో ఎప్పుడూ రెండు మూడు ఉండాలి. మొదటి నీళ్ళ విరేచనం అయిన వెంటనే కలిపెయ్యి, సాయంత్రం దాకా చూద్దాం అనుకోవద్దు.

ప్యాకెట్ కొనేటప్పుడు వెనకవైపు చదువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉండాలి. లీటరు నీళ్ళకి సరిపోయే ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది: గ్లూకోజు 13.5, మామూలు ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు. ఆ పాళ్ళు ఊరికే పెట్టినవి కావు. గ్లూకోజు తగు పాళ్ళలో తోడుంటే పేగు ఉప్పుని లోపలికి తీసుకుంటుంది, ఉప్పు వెంట నీళ్ళూ వెళ్తాయి. చక్కెర ఎక్కువైతే అది పేగులోకే నీళ్ళు లాగి విరేచనాలు పెంచుతుంది. కూల్‌డ్రింకులు, డబ్బా జ్యూసులు, ఉత్త గ్లూకోజు నీళ్ళు వద్దనేది అందుకే. మెడికల్ షాపులో అట్టడబ్బాల్లో, పళ్ళ రుచులతో దొరికే తియ్యటి పానీయాలు చాలాకాలం పేరులో ఓఆర్‌ఎస్‌ తగిలించుకుని అమ్ముడుపోయాయి. హైదరాబాద్‌లోనే ఉండే పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దాని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ఆవిడకి ఎంతోమంది తల్లులు రుణపడి ఉన్నారని నా నమ్మకం. అయినా షాపువాడు ఏదిచ్చినా ఒకసారి చదివే తీసుకో.

కలపడంలోనే చాలామంది తప్పు చేస్తారు. లీటరు ప్యాకెట్‌లోంచి చెంచాడు తీసి గ్లాసులో కలుపుతారు. పొడిలో ఉప్పూ చక్కెరా ఏ చెంచాలో ఎంత వచ్చాయో ఎవరికి తెలుసు? ఉప్పు ఎక్కువైతే పసివాడికి ప్రమాదం. ప్యాకెట్ మొత్తం ఒకేసారి, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో పొయ్యి. కొలవడానికి లీటరు వాటర్ బాటిల్ వాడుకో. 200 మిల్లీలీటర్లకి సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉంటాయి, మీవాడి వయసుకి అవే సుఖం. ఏ ప్యాకెట్ ఎన్ని నీళ్ళకో చూసి కలుపు. కలిపాక మళ్ళీ కాచకూడదు, పాలూ పంచదారా ఏవీ చేర్చకూడదు. 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలుపు. అర్ధరాత్రి ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చిన్న టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. తెల్లారేదాకా గడుస్తుంది.

పది నెలలవాడు కాబట్టి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు. పాలసీసాతో వద్దు. మీ అమ్మ ఇచ్చిన ఉగ్గుగిన్నె ఉందిగా, దాంతోనో చెంచాతోనో కొంచెం కొంచెంగా పట్టు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఈసారి రెండు నిమిషాలకో చెంచా చొప్పున ఇంకా నెమ్మదిగా పట్టు. గటగటా తాగిస్తే వాంతి అవుతుంది, అప్పుడు ఓఆర్‌ఎస్‌ పడటం లేదని మానేస్తారు. పక్కన కూర్చుని ఓపిగ్గా పట్టే మనిషి ఉంటే చాలా కేసులు ఇంట్లోనే నయమవుతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ చేసింది ఇదే. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టించి రోగుల చుట్టాల చేతే తాగించారు. వేలమంది బతికారు. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు. చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి, చెంచాడు నీళ్ళలోనో నీ పాలలోనో కరిగించి, 14 రోజులు. మూడో రోజుకి విరేచనాలు ఆగినా పధ్నాలుగు రోజులూ పూర్తి చెయ్యాలి, మళ్ళీ మళ్ళీ రాకుండా అదే కాపాడుతుంది. ఆశా కార్యకర్తని అడిగితే ఈ రెండూ ఉచితంగా ఇస్తుంది. మోషన్స్ ఆపే బిళ్ళలు మాత్రం, పక్కింటివాళ్ళు ఎంత చెప్పినా, పసివాడికి వెయ్యకు. యాంటీబయాటిక్ కూడా డాక్టరు చూసి రాస్తేనే.

ఇక తిండి. లంఖణం పరమౌషధం అని మీ అత్తగారు అనొచ్చు. పెద్దవాళ్ళ ఒంటికి ఎలా ఉన్నా, పది నెలలవాడికి అది పనికిరాదు. నీ పాలు అడిగినప్పుడల్లా ఇవ్వు, మామూలుకంటే ఎక్కువసార్లు. మెత్తగా పిసికిన పెరుగన్నం, పెసరపప్పు కిచిడీ, ఇడ్లీ, అరటిపండు, రెండు ముద్దలు తిన్నా చాలు, కాసేపటికి మళ్ళీ పెట్టు. తగ్గాక రెండు వారాలపాటు రోజుకి ఒక పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగొస్తుంది. ఆవిడతో వాదన పెట్టుకోకు. డాక్టరు ఇలా చెయ్యమన్నారని చెప్పి నెమ్మదిగా పెట్టు, ఆవిడకీ వాడి మీద ప్రేమే కదా.

పళ్ళొస్తున్నాయి, అందుకే ఈ విరేచనాలు అని కూడా అంటారు. ఆ వయసులో పిల్లలు పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, క్రిములు అలా వెళ్తాయి. పళ్ళ వంక పెట్టుకుని ఊరుకుంటే రెండు రోజులు వృథా అవుతాయి.

ఆ రోజుల్లో డైపర్ వెయ్యకు. నీళ్ళ విరేచనాలప్పుడు డైపర్‌లో మూత్రం ఎంత పోశాడో తెలియదు, మనం గమనించాల్సిందేమో అదే. పాత చీర ముక్కలే వాడు. ఆరు గంటలైనా మూత్రం పోయకపోతే, ఏడ్చినా కన్నీళ్ళు రాకపోతే, కళ్ళు లోపలికి పోయినా, మాడు గుంటపడినా ఆసుపత్రికి బయలుదేరు. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే టక్కున సర్దుకోవాలి. నెమ్మదిగా సర్దుకుంటే నీరు బాగా తగ్గినట్టు. మలంలో రక్తం, తాగిందంతా కక్కెయ్యడం, ఎక్కువ జ్వరం, ఇవి కనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. అన్నిటికంటే నన్ను భయపెట్టేది, ఏడుపు మానేసి మగతగా పడుకుని, చెంచా పెట్టినా మింగని బిడ్డ. అలాంటప్పుడు ఎవరినీ అడగొద్దు, అల్లుడు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగొద్దు, ఆటో ఎక్కు. లేదా 108కి ఫోన్ చెయ్యి. దారిలో మింగగలిగితే ఓఆర్‌ఎస్‌ పడుతూనే ఉండు.

వాడికి ముడ్డి కడిగాక నీ చేతులు సబ్బుతో కడుక్కో. పసిపిల్లల మలానికేముంది అనుకుంటారు గానీ అందులోనూ క్రిములుంటాయి. పనమ్మాయికీ చెప్పు.

టీకాల కార్డు తీసి చూడు. 6, 10, 14 వారాల్లో రోటావైరస్ చుక్కలు పడ్డాయా? పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకి ఆ వైరస్సే పెద్ద కారణం. పడితే ఒక పెద్ద గండం చాలావరకు తప్పినట్టే, మిగతా క్రిములకి మాత్రం పైన రాసినవే. ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపించు, ఏ డోసైనా తప్పిందేమో నేనూ చూస్తాను.

నీ పెద్దమ్మ