మే నెలలో సూర్యలంక వెళ్తున్నారా? అమ్మతో వెళ్లినప్పుడు మాకు ఎదురైంది చెబుతాను

మే చివరి వారంలో హైదరాబాద్ నుంచి బాపట్ల దగ్గరున్న సూర్యలంక బీచ్‌కి మూడు రోజులు వెళ్తున్నామని, వెంట ఇద్దరు పిల్లలూ డెబ్బై ఏళ్ల అత్తగారూ ఉంటారని, వడగాడ్పుల వార్తలు చూస్తుంటే టెన్షన్‌గా ఉందని మీరు నాకు రాశారు. టికెట్లు రద్దు చేసుకోవాలా అని అడిగారు. నా మాటగా చెప్పాలంటే రద్దు అక్కర్లేదు. కానీ హైదరాబాద్ ఎండకు మనకున్న అలవాట్లతోనే అక్కడికి వెళ్తే చాలా ఇబ్బంది పడతారు. మేం పడ్డాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రెండేళ్ల క్రితం సరిగ్గా ఇవే రోజుల్లో మేం ఐదుగురం వెళ్లాం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అమ్మకు అప్పటికి అరవై ఎనిమిది, బీపీ ఉంది. రాత్రి రైలెక్కి తెల్లారి బాపట్లలో దిగాం. అక్కణ్నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలో వెళ్లిపోయాం. గదిలో సామాను పెట్టి, స్నానాలు, టిఫిన్లు అయ్యేసరికి పది. పిల్లలు ఆగడం లేదు. ఫోన్‌లో చూస్తే 38 డిగ్రీలు. ఇంటి దగ్గర 42 చూసి వచ్చినవాళ్లం, 38 ఓ లెక్కా అనుకుని బీచ్‌కి వెళ్లిపోయాం. అమ్మను గొడుగు కింద కుర్చీలో కూర్చోబెట్టి మేం నీళ్లలోకి దిగాం.

పదకొండున్నరప్పుడు అమ్మ నన్ను పిలిచి "కళ్లు తిరుగుతున్నాయే" అంది. దగ్గరికెళ్లి చేయి పట్టుకుంటే చల్లగా, జిగటగా ఉంది. మొహం పాలిపోయింది. బ్లౌజు, చీర చెమటతో పూర్తిగా తడిసిపోయాయి. లేపి నడిపిద్దామని చూస్తే నాలుగడుగులు వేసి వాంతి చేసుకుంది. కాళ్ల పిక్కలు పట్టేశాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పక్కనే మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే ఆవిడ పరుగెత్తుకొచ్చి "ముందు నీడలోకి తీసుకుపోదాం పదండమ్మా" అని సరుగుడు చెట్ల కిందికి తీసుకెళ్లింది. పడుకోబెట్టి, కాళ్ల కింద బ్యాగు పెట్టి ఎత్తుగా ఉంచాం. ఆవిడ బిందెలో నీళ్లు తెచ్చి తువ్వాలు తడిపి మెడమీద, చంకల దగ్గర పెడుతూ అట్టముక్కతో విసిరింది. బ్యాగులో ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంది కాబట్టి సరిపోయింది. లీటరు నీళ్లలో కలిపి గుక్కెడు గుక్కెడు పట్టాం. ఓ అరగంటకు రంగు తిరిగింది. ఆ రోజు ఆవిడకు డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "పడమటి గాలి తోలుతోంది, ఇట్టాంటి రోజు మధ్యాహ్నం మా వాళ్లే ఇసుకలోకి రారు, పెద్దావిడను ఎట్టా తీసుకొచ్చారమ్మా" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. తీరం ఎండ గురించి నేను నేర్చుకున్నదంతా ఆ మాట దగ్గరే మొదలైంది.

మనం పొరబడేది డిగ్రీల దగ్గరే. చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, పట్టిన చెమట ఆరితే చల్లబడుతుంది. హైదరాబాద్‌లో మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టినంత వేగంగా ఆరిపోతుంది. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ, చెమట కారుతుందే కానీ ఆరదు. ఉక్కపోత అంటే అదే. లోపలి వేడి లోపలే ఉండిపోతుంది, ఒంట్లో నీరూ ఉప్పూ మాత్రం బయటికి పోతూ ఉంటాయి. వాతావరణ శాఖ కూడా వడగాడ్పులు ప్రకటించడానికి మైదాన ప్రాంతాలకు కనీసం 40 డిగ్రీలు ఉండాలని, తీర ప్రాంతాలకైతే 37 చాలని పెట్టుకుంది. మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలన్న షరతు రెండుచోట్లా ఉంది. అంటే మేం తేలిగ్గా తీసుకున్న ఆ 38, తీరం లెక్కలో చిన్న సంఖ్య కాదు.

ఇక గాలి సంగతి. ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేలమీది వేడి గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం నుంచి గాలి వస్తుంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నానికల్లా ఈ గాలి తిరిగి ప్రాణం లేచొస్తుంది. కానీ మే నెలలో కొన్ని రోజులు పడమర నుంచి, వాయవ్యం నుంచి పొడి వేడిగాలి బలంగా వీస్తుంది. అది సముద్రపు గాలిని ఒడ్డు దాటి రానివ్వదు. కోస్తా ఊళ్లలో ఎండ 44, 45కు పోయే రోజులు ఇవే. 2015 మేలో ఆంధ్ర, తెలంగాణల్లో వెయ్యిమందికి పైగా వడదెబ్బతో చనిపోయిన రోజుల్లో కూడా ఇలాంటి గాలులే వీచాయి. కాబట్టి అక్కడికెళ్లాక పొద్దున్నే గాలి ఎటునుంచి వస్తోందో చూసుకోండి. సరుగుడు తోటల వైపు నుంచి సముద్రంలోకి వీస్తూ, మొహానికి సెగలా తగిలితే ఆ రోజు మధ్యాహ్నం ప్రోగ్రాములేవీ పెట్టుకోవద్దు. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో మండలాలవారీగా వడగాడ్పుల హెచ్చరికలు ఇస్తుంది. ముందు రోజు సాయంత్రమే బాపట్ల మండలం పేరు ఉందేమో చూసుకుంటే సరిపోతుంది.

అమ్మ కోలుకున్నాక మిగిలిన రెండు రోజులూ మేం టైం మొత్తం మార్చేశాం. ఆ రోజుల్లో అక్కడ సూర్యోదయం ఐదున్నర దాటాక. ఐదింటికే లేచి చీకట్లోనే ఒడ్డుకు వెళ్లిపోయేవాళ్లం. పిల్లలు లేవరేమో అనుకున్నాను. ఫోన్లు లేకుండా, తిట్లు లేకుండా లేచారు. తడి ఇసుక చల్లగా ఉంటుంది, ఎర్రపీతలు పరుగులు తీస్తుంటాయి, అల నెమ్మదిగా ఉంటే వాళ్లు మోకాళ్ల లోతులో ఆడుకుంటారు. ఎనిమిది కాగానే అందరం గదికి. మళ్లీ సాయంత్రం ఐదు దాటాకే బయటికి. మధ్యలో స్నానం, పెరుగన్నం, నిద్ర, పేకాట. తొమ్మిది గంటలు గదిలో కూర్చోవడానికేనా ఇంత దూరం వచ్చామని మొదటి పూట మావారికి అనిపించింది. రెండో రోజు ఆయనే అలారం పెట్టారు.

ఎండలో సముద్రంలో మునిగితే చల్లగా ఉంటుంది కదా అని మీవాళ్లు అంటారు. మేలో బంగాళాఖాతం నీళ్లే దాదాపు 30 డిగ్రీలుంటాయి. చెరువు నీళ్లలాగా హాయిగా ఉండవు. పైగా నీళ్లలో ఉన్నప్పుడు చెమట పట్టేది తెలియదు, దాహం తెలియదు, వీపు కాలేది అసలే తెలియదు. ఇసుకా నురగా ఎండను తిరిగి మన మొహంమీదికే కొడతాయి, గొడుగు నీడ దాన్ని ఆపలేదు. మా చిన్నవాడికి గొడుగు కిందే ముక్కు, చెవుల అంచులు కందిపోయాయి. పిల్లలకు పలచని నూలు ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు, మెడ కప్పే టోపీలు కొనండి. మధ్యాహ్నం పొడి ఇసుకమీద చెప్పుల్లేకుండా నడవనివ్వకండి, అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. నల్లని సింథటిక్ లెగ్గింగులు వద్దు, ఉప్పూ ఇసుకా చేరి తొడలు ఒరుసుకుపోతాయి. సముద్రం నుంచి రాగానే మంచినీళ్లతో స్నానం చేయించి, ఒళ్లు పూర్తిగా ఆరనిస్తే చెమటకాయలు చాలావరకు రావు.

గది గురించి ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాను, లైట్లు మాత్రమేనా? మేం దిగినచోట జనరేటర్ ఉందని చెప్పారు, ఉంది కూడా. కానీ దానిమీద ఏసీ నడవదు. మొదటి మధ్యాహ్నం, అమ్మ పడుకుని ఉన్నప్పుడే రెండు గంటలు కరెంటు పోయింది. అడగకపోవడం నా పొరపాటే. ఏసీకి బదులు కూలర్ ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. మన హైదరాబాద్‌లో కూలర్ అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే పొడిగాలి నీటిని పీల్చుకుని చల్లబడుతుంది. తీరంలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది, కూలర్ ఆ తేమను ఇంకా పెంచుతుంది. ఆ రెండు గంటలూ మేం చేసింది చెబుతాను: నూలు దుప్పటి తడిపి పిండి కిటికీకి కట్టాం, అమ్మ చొక్కాలాంటి పలచని నైటీ వేసుకుని పైన తడి కండువా కప్పుకుంది, ఫ్యాను నేరుగా తగిలేలా మంచం జరిపాం. ఏసీ అంత కాదు కానీ గట్టెక్కాం. మరో సంగతి, రాత్రిళ్లు కూడా అక్కడ హైదరాబాద్‌లా చల్లబడదు. పగలు అలిసిన ఒంటికి రాత్రి చల్లదనం దొరక్కపోతే రెండో రోజుకు నీరసం మొదలవుతుంది, పెద్దవాళ్లలో ఇంకా ఎక్కువ. డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి, గది దగ్గర వద్దు.

తాగడం విషయంలో నేను కాస్త గట్టిగానే చెబుతాను. ఉత్త నీళ్లు లీటర్లకు లీటర్లు తాగితే చాలదు, పోయిన ఉప్పు తిరిగి రావాలి. కొబ్బరి బోండాం మంచిదే, కానీ దానిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియం. ఉప్పు వేసిన పలచని మజ్జిగ, రాగి జావ, ఓఆర్ఎస్ ఉంటే నిశ్చింత. ఓఆర్ఎస్ అంటే మందుల షాపులో దొరికే పొడి ప్యాకెట్, దానిమీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉండాలి. పేరులో ఓఆర్ఎస్ పెట్టుకుని అమ్మే తీపి డబ్బా డ్రింకులు వేరు. వాటిమీద మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక తల్లిగా ఆవిడకు నేను రుణపడి ఉన్నాననే అనుకుంటాను. ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలగొట్టి కొలిచి కలపండి. ఉజ్జాయింపుగా వేయకండి. ముంజలు, పుచ్చకాయ పిల్లలకు పెట్టండి, ముందే కోసి ఈగలు వాలినవి మాత్రం వద్దు. బీచ్‌లో బీరు తాగే మగవాళ్లు మీ గ్రూపులో ఉంటే నీళ్లలోకి దిగనివ్వకండి. అక్కడ అలల లాగుడు ఎక్కువ, ఏటా ప్రాణాలు పోతున్నాయి.

చేపలు తిందామని ఆశపడుతుంటే ఒక్కమాట. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. చిన్న తెప్పలవాళ్లు తెచ్చేది దొరికితే తాజాది, లేకపోతే ఐసులో నిలవ ఉన్నదే. ఆ ఎండల్లో రొయ్యలతో ప్రయోగాలు చేయకండి.

మీ అత్తగారి విషయానికొస్తాను, నాకు అన్నిటికన్నా బెంగ ఆవిడ గురించే. మా అమ్మ వేసుకునే బీపీ మాత్రల్లో ఒకటి మూత్రం ఎక్కువ పోయేలా చేసే రకం. ఆ రోజు పొద్దున్న మాత్ర వేసుకుంది, మాటిమాటికీ బాత్రూంకి వెళ్లాల్సొస్తుందని నీళ్లు తక్కువ తాగింది. అటు మాత్ర, ఇటు చెమట, పైన దాహం దాచుకోవడం. హైదరాబాద్ వచ్చాక డాక్టరు గారు ఈ మాట చెప్పేదాకా మాకు తట్టలేదు. మీ అత్తగారు వాడే మందుల చీటీ తీసుకెళ్లి, ఇలా ఎండలో ప్రయాణం ఉంది, ఏమైనా మార్చాలా అని డాక్టరును ముందే అడగండి. మీ అంతట మీరు ఆపేయొద్దు. ఇన్సులిన్ వాడుతుంటే అది చల్లగా ఉండే ఏర్పాటు చూసుకోండి. పెద్దవాళ్లకు దాహం సరిగ్గా తెలియదు, అడిగితే వద్దంటారు. అడగకుండా గంటకోసారి గ్లాసు చేతికివ్వండి. బాత్రూం ఎంత దగ్గరుందో ముందే చూపించండి, అప్పుడు మొహమాటపడకుండా తాగుతారు.

అమ్మకు వచ్చింది వేడి వల్ల సొమ్మసిల్లడం. వడదెబ్బ అంతకన్నా ప్రమాదం, అక్కడ నిమిషాలు కూడా ముఖ్యమే. ఒళ్లు కాలిపోతూ జ్వరం 104 దాటితే, మాట తడబడితే, మనుషుల్ని గుర్తుపట్టకపోతే, ఫిట్స్ వస్తే, అది వడదెబ్బే అనుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు, చెమట ఉన్నా వడదెబ్బ కావచ్చు. బండి వచ్చేదాకా ఖాళీగా ఉండకుండా ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి, మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు మూటలు పెట్టండి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు.

కారు అద్దెకు తీసుకుంటే, బజారుకు దిగినప్పుడు రెండు నిమిషాలే కదా అని పిల్లల్ని గానీ పెద్దావిడను గానీ లోపల వదలకండి. అద్దాలు మూసిన కారు పది నిమిషాల్లోనే బయటికంటే పది డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది.

ఆఖరి రోజు పొద్దున్న అమ్మ కూడా మాతోపాటే ఐదింటికి లేచింది. తడి ఇసుకలో కుర్చీ వేస్తే వద్దంది, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని కాళ్లు తడిసేదాకా వెళ్లి నిలబడింది. ఎండ ఎక్కేదాకా అక్కడే ఉంది. ఇంటికొచ్చాక మళ్లీ ఎప్పుడు వెళ్దామని ముందు అడిగింది ఆవిడే. మీ అత్తగారికి కూడా ఆ పొద్దుటిపూట దక్కాలని నా కోరిక. గదివాళ్లకు ఇవాళే ఫోన్ చేసి జనరేటర్ సంగతి కనుక్కోండి, వాళ్లు సరైన జవాబు చెప్పకపోతే వేరే గది వెతుక్కోవడానికి మీకింకా టైం ఉంది.