చందుర్తి యుద్ధం, కన్యాశుల్కం: ఇద్దరు ఆనంద గజపతులు

1758లో చందుర్తిలో పోరాడిన విజయనగరం రాజు ఆనంద గజపతి, కన్యాశుల్కం నాటకం రాసిన గురజాడను ఎలా ఆదరించాడని మీరడిగారు. మీరు ఇద్దరు ఆనంద గజపతులను ఒక్కరనుకున్నారు, ఆ లెక్క అందుకే తేలడం లేదు.

విజయనగరాన్ని ఏలిన పూసపాటి వంశంలో పాత పేర్లు మళ్లీ మళ్లీ పెట్టేవారు. అందరూ వదిలేసే పని ఒకటుంది: పేరు కనబడగానే పక్కన సంవత్సరం రాసుకోవాలి. మీ నోట్సులో ఇలా విడదీయండి:

1. 1757: పెద విజయరామరాజు. బొబ్బిలి యుద్ధం కాగానే గుడారంలో తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు.
2. 1758: మొదటి ఆనంద గజపతి. ఈస్టిండియా కంపెనీ సేనాని కల్నల్ ఫోర్డ్‌తో కలిసి చందుర్తిలో ఫ్రెంచివారిపై యుద్ధానికి దిగాడు.
3. 1794 జూలై 10: చిన విజయరామరాజు. పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడుతూ నేలకొరిగాడు. ఈయన్ని పైవాళ్లతో కలిపేస్తే నాకు నిజంగా బాధేస్తుంది.
4. 1850-1897: మీకు కావలసిన ఆనంద గజపతి. గురజాడ ఈయన ఆస్థానంలోనే పనిచేశారు.

అనుమానముంటే 1897 నాటి కన్యాశుల్కం మొదటి ముద్రణలో అంకితం చూడండి. అందులో ఆనంద గజపతి పేరు పక్కన జి.సి.ఐ.ఇ. (నైట్ గ్రాండ్ కమాండర్ ఆఫ్ ది ఇండియన్ ఎంపైర్) అనే బిరుదు ఉంటుంది. అది బ్రిటిష్ రాణి కాలపు బిరుదు, చందుర్తి నాటికి పుట్టనే లేదు.

విజయనగరంలో 1919 నాటి సంగీత కళాశాలను మాత్రం ఈయన ఖాతాలో వేయకండి. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా అది మొదలయ్యేసరికి ఈయన పోయి 22 ఏళ్లయింది.