అంత్యాక్షరి పక్కన పెట్టండి, మాట-పాట ఆడండి

ప్రశ్న: "సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు వస్తున్నారు. అంత్యాక్షరి ఆడి ఆడి అందరికీ మొహం మొత్తింది. సినిమా పాటల పిచ్చి ఉన్నవాళ్ళు ఆడుకునే మాటల ఆట ఇంకేదైనా ఉందా?"

ఉందండీ. మా ఇంట్లో దాన్ని మాట-పాట అంటాం. ఒక జట్టు ఒక మాట ఇస్తుంది. అవతలి జట్టు ఆ మాట ఉన్న సినిమా పాట పాడాలి. పాడిన ముక్కలోంచి ఇంకో మాట ఏరి మళ్ళీ వీళ్ళ మీదకి విసరాలి. అంతే. రూల్సు రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు, తగవులు మాత్రం తెల్లారినా తేలవు.

అసలు అంత్యాక్షరి తెలుగువాళ్ళ ఆటే కాదని నా గట్టి నమ్మకం. మన మాటలు ఎక్కడ ఆగుతాయి? డు-ము-వు-లు దగ్గర. బళ్ళో బెత్తం దెబ్బలు తిని బట్టీపట్టిన ప్రథమా విభక్తి పెద్దయ్యాక కూడా వదలదు. ఎవరు ఏం పాడినా చివరికి వచ్చేది ల, లేదంటే న, మహా అయితే ర. లతో మొదలయ్యే పాటలు మీకు ఎన్నొచ్చు? అందుకే ఏ ఇంట్లో ఆడినా మొదటి పావుగంటలో "లాహిరి లాహిరి" వచ్చి తీరుతుంది. ఆ తర్వాత ళ వస్తే లతో పాడొచ్చా, ణకి న చెల్లుతుందా, శషసలు మూడూ ఒకటేనా అని పంచాయితీ. పాట కంటే పంచాయితీయే ఎక్కువసేపు నడుస్తుంది.

మాట-పాట మాకు ఎలా పట్టుబడిందో చెప్తాను, ఆట సంగతి అందులోనే తెలుస్తుంది.

1998, మే నెల. మా పిన్ని కొడుకు పెళ్ళి శ్రీకాకుళంలో. రాజమండ్రిలో మూడింటికి బయల్దేరాల్సిన మగపెళ్ళివారి బస్సు ఐదింటికి బయల్దేరింది. మా వైపు దీన్ని ఆలస్యం అనరు. అన్నవరం వచ్చేసరికి చీకటి పడింది, కిటికీల్లోంచే కొండకి దణ్ణాలు పెట్టుకున్నాం. ఇంకాసేపట్లో తుని అనగా ఠప్పుమని చప్పుడు. ఫ్యాన్ బెల్టు తెగింది. డ్రైవరు క్లీనర్ని ఓ లారీ ఆపి ఎక్కించి, బెల్టు తెమ్మని తుని పంపించి, తను దిగి రోడ్డు పక్కన తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. ముహూర్తం మర్నాడు రాత్రికి కాబట్టి ఎవరి గుండే ఆగలేదు. కానీ ఉక్క. ఆకు కదలడం లేదు. పెళ్ళికొడుకు బనీను మీద కూర్చుని, పెళ్ళికని దాచిన జీడిపప్పు పాకం అచ్చులు ఒక్కొక్కటే లాగించేస్తున్నాడు.

జీ టీవీలో అన్నూ కపూర్ అంత్యాక్షరి 1993లో మొదలైంది కదా, అప్పటికి ఆ జబ్బు మా ఊళ్ళకి కూడా బాగా పాకింది. మా తమ్ముడు టార్చిలైటు మైకులా పట్టుకుని బస్సు మధ్యలో నిలబడిపోయాడు. ఎడంవైపు సీట్లు ఒక జట్టు, కుడివైపు సీట్లు ఒక జట్టు. ఎడంవైపుకి నేనే నాయకుణ్ణి. అప్పుడు ఇంజనీరింగు మూడో ఏడు. గదిలో రెండొందల క్యాసెట్లు, ఇళయరాజా పాటల్లో వయొలిన్ ముక్కలు కూడా నోటితో వాయించేవాణ్ణి. బస్సు మొత్తం మీద పాటలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. నా చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అలాగే అనుకునేలా ప్రవర్తించేవాణ్ణి.

ఆట మొదలైన ఐదు నిమిషాలకే ల వచ్చింది. నేను లేచి "లాహిరి లాహిరి" పల్లవి గొంతెత్తి పాడాను. చప్పట్లు. ఇంకాసేపటికి మళ్ళీ ల. మళ్ళీ ల. మా బాబాయి హైస్కూల్లో తెలుగు పండితుడు, వెనక సీట్లో కాళ్ళు చాపుకుని పడుకున్నాయన లేచి కూర్చున్నాడు.

"ఆపండ్రా ఈ లలలు. అక్షరం తోక పట్టుకుని వేలాడటమేమిటి? నేను మాట ఇస్తాను, పాట చెప్పండి చూద్దాం."

అప్పటికప్పుడు రూల్సు కూడా ఆయనే పెట్టాడు. ప్రాతిపదిక ఉంటే చాలు, దానికి ఏ విభక్తి తగిలినా చెల్లుతుంది. సమాసంలో ఉన్నా చెల్లుతుంది. మాట ఇచ్చినవాడి దగ్గర పాట ఉండాలి, అవతలివాళ్ళు చేతులెత్తేస్తే వాడు పాడి చూపించాలి. గెలిచినవాళ్ళకి వీరతాడు.

వాన, మల్లెపూలు, చందమామ, ఇలాంటివి పిల్లలు కూడా కొట్టేశారు. కాసేపటికి రెండు జట్లూ చెరో తొమ్మిది వీరతాళ్ళ దగ్గర నిలిచాయి. క్లీనరు జాడ లేదు. బాబాయి ఆఖరి మాట అన్నాడు.

"అల్లరి. నలుపు-తెలుపు సినిమా. పల్లవిలో ఉండదు, చరణంలో ఉంటుంది. ఇంకోటి చెప్తున్నా, ఈ పాట ఇవాళ ఈ బస్సులో ఒకసారి పాడేశారు."

నాకు నవ్వొచ్చింది, అంత తేలిక చేసేశాడేమిటని. ఆ రాత్రి పాడిన పాటలన్నీ మనసులో వరసగా తిప్పుకున్నాను. ఒక్కదాంట్లోనూ అల్లరి లేదు. ఇంకోసారి తిప్పాను. లేదు. నా జట్టు నా మొహం చూస్తోంది, నేను బస్సు టాపు చూస్తున్నాను. బాబాయి వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతున్నాడు.

అప్పుడు కుడివైపు మూడో సీట్లోంచి సన్నగా పాట వినిపించింది. మా పెద్దమ్మ. అంతసేపూ ఆవిడ ఆటలో ఉన్నట్టే మాకెవరికీ గుర్తులేదు. తాటాకు విసనకర్రతో విసురుకుంటూ, కిటికీ బయట చీకట్లోకి చూస్తూ, తనలో తను పాడుకుంటున్నట్టు పాడింది. వరస తెలిసిందే, మాటలే ఎవరం ఎప్పుడూ పట్టించుకోనివి. చివరికొచ్చేసరికి "చల్లని దేవుని అల్లరిలో" అని దించింది. లాహిరి లాహిరి. మూడో చరణం, ఆఖరి ముక్క.

నేను గంట క్రితం చప్పట్లు కొట్టించుకున్న పాట!

"వేయండి వదినగారికి రెండు వీరతాళ్ళు!" అన్నాడు బాబాయి. వీరతాళ్ళు కూడా ఆ మాయాబజార్‌లోవే అని నాకు వెలిగింది బస్సు విశాఖపట్నం దాటాక.

పెళ్ళిలో ఆవిణ్ణి వదల్లేదు, ఎలా వచ్చు పెద్దమ్మా అని. పాటల పుస్తకం అంది. సినిమా హాలు బయట అమ్మే పల్చటి పుస్తకాలు మీలో కొందరైనా చూసి ఉంటారు. రెండు పేజీల్లో కథ, సరిగ్గా చిక్కుముడి పడే చోట "మిగతా కథ వెండితెరపై చూడండి", ఆ వెనక పాటలు. మా తాతయ్య ఆడపిల్లల్ని సినిమాకి పంపేవారు కాదు. ఎవరో చూసొచ్చినవాళ్ళ దగ్గర పుస్తకం తీసుకుని, పక్కింటి రేడియోలో వరస పట్టుకుని, చరణాలతో సహా నేర్చేసుకునేది. మాయాబజార్ వచ్చింది 1957లో, అప్పటికి ఆవిడకి పద్నాలుగేళ్ళు. బొమ్మ చూసింది మాత్రం పిల్లల తల్లి అయ్యాక, దూరదర్శన్‌లో. "పాట నేను అనుకున్నట్టు తీయలేదురా" అంది. పింగళి రాసి, ఘంటసాల, లీల పాడి, అంత వెన్నెల చూపిస్తే ఈవిడకి నచ్చలేదట! ఆవిడ తలలో అంతకంటే మంచి పడవ ఉంది మరి.

ఇంతకీ నేను చెప్పేదేమిటంటే, పల్లవి తెలిస్తే పాట తెలిసినట్టు కాదు. ఇది ఎంతమందికి చెప్పినా ఎక్కదు. ఇప్పుడు అసలు పల్లవి కూడా పూర్తిగా అక్కర్లేదు, రీలుకి సరిపడా అరనిమిషం ముక్క చాలు. పాటల పోటీల్లో పిల్ల రెండు లైన్లు పాడితే జడ్జీలు పది నిమిషాలు మాట్లాడతారు. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైనప్పుడు పాడే పిల్లలు సినిమా పేరుతో పాటు రాసినవారి పేరు, స్వరపరిచినవారి పేరు చెప్పి పాట ఎత్తుకునేవారు, ఒత్తు పలక్కపోతే బాలుగారు అక్కడికక్కడే సరిచేసేవారు. ఫోన్లో సాహిత్యం వెతికితే వచ్చేది ఇంగ్లీషు అక్షరాల్లో. కల, కళ, కాల మూడూ ఒకేలా కనిపిస్తాయి. వేటూరి ఆ మూడింటితో ఏమేం చేశాడో ఆ అక్షరాల్లో ఎవడికి అర్థమవుతుంది?

మొన్నటి సంక్రాంతికి ఇదంతా మా తమ్ముడి కూతురికి ఉపన్యాసం ఇచ్చాను. ఆరో తరగతి, హైదరాబాదు. అన్నం తినవే అంటే "ఐదు నిమిషాలు పెదనాన్నా" అనే రకం. ఆటలో దాని జట్టుకి కావాలనే "చెప్పులు" ఇచ్చాను. ఏ కవి రాస్తాడు చెప్పుల మీద? (నా దగ్గర కూడా పాట లేదు, ఆ సంగతి తర్వాత బయటపడింది.) అది లేచి నిలబడి, నాటు నాటు మొదట్నుంచీ అందుకుంది. పోట్లగిత్త, పోతరాజు, కిర్రు సెప్పులు, మర్రిసెట్టు, ఎర్రజొన్న రొట్టె, మిరపతొక్కు, అన్నీ వరసగా, స్టెప్పులతో సహా. 2023లో ఆస్కార్ వచ్చినప్పుడు ప్రపంచమంతా ఆ రెండు మాటలే పట్టుకుని ఊగింది కానీ చంద్రబోస్ అందులో ఊరు ఊరంతా సర్దిపెట్టాడు. నేనూ ఊగినవాణ్ణే, చెప్పులు చూడలేదు. "సెప్పులు" అంటే చెల్లదని వాదించి చూశాను. బాబాయికి ఫోన్ చేశారు. "యాస చెల్లుతుంది, నోరు మూసుకో" అని తీర్పు.

అయినా ఇప్పటి పిల్లలకి చరణాలు రావనే అంటాను. ఒక్క పిల్లని చూసి ఇన్నేళ్ళ మాట మార్చుకోలేను.

మీ చుట్టాలతో ఆడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. "మనసు" అనే మాట నిషేధించండి. ఆత్రేయని మనసుకవి అన్నది ఊరికే కాదు, ఆ ఒక్క మాటతో రాత్రంతా లాగించేస్తారు. ప్రేమ, కన్నులు కూడా వద్దు. "వివాహ భోజనంబు" పాట పేకాటలో జోకరు లాంటిది, గారెలు, బూరెలు, అరిసెలు, అప్పడాలు, పులిహోర, దప్పళం, దేనికైనా పనికొస్తుంది, అందుకని జట్టుకి ఒక్కసారే వాడనివ్వండి. తెలివితక్కువవాళ్ళు మొదటి గారెకే దాన్ని తగలేస్తారు, చూస్తూ ఉండండి. డబ్బింగు పాటలు ఒప్పుకోవాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి. నేనైతే ఒప్పుకుంటాను, రోజాకి రాజశ్రీ రాసిన తెలుగు తెలుగు కాదా? మా బావ ఒప్పుకోడు, పెదవుల కదలిక కుదరని పాట పాటే కాదంటాడు. రేడియోలో పెదవులు ఎక్కడ కనిపిస్తాయి బావా అంటే సమాధానం ఉండదు. ఇంకోటి, ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించి దేవుడి గదిలో పెట్టించండి.

ఆ బస్సు ఆట పూర్తవలేదు. రెండు వీరతాళ్ళు పడ్డాక మాట ఇచ్చే వంతు పెద్దమ్మది. ఆవిడ అటూ ఇటూ చూసి, చేతిలోది పైకెత్తి "విసనకర్ర" అంది. సరిగ్గా అప్పుడే లారీ ఆగింది, క్లీనరు మెళ్ళో బెల్టు దండలా వేసుకుని దిగాడు. అందరూ గోలగోలగా సీట్లలో సర్దుకున్నారు. ఆట అక్కడితో ఆగిపోయింది.

నాకు మాత్రం ఆగలేదు. ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను. వింజామర ఉన్న పాటలు తీసుకెళ్ళి చూపించాను, ఒప్పుకోలేదు. "వింజామర రాజులకి, విసనకర్ర మనకి. రెండూ ఒకటెలా అవుతాయిరా?" అంది. పోనీ నీ దగ్గర ఉన్న పాట పాడు, రూలు ప్రకారం నువ్వు పాడాలి అంటే, నువ్వు ఓడిపోయానని ఒప్పుకో, పాడతాను అంటుంది. ఇప్పుడు ఎనభై దాటింది, ఫోన్లో మాట సరిగా వినపడదు, "విసనకర్ర" మాత్రం భేషుగ్గా వినపడుతుంది. పాట తెలిసినవాళ్ళు కింద రాయండి. చరణం మొత్తం రాయాలి, తెలుగు అక్షరాల్లో.