ఆర్క్‌క్యాటలాగ్ పోయింది, ఇగ డేటా ఎట్ల చూసుకోవాలె?

ప్రశ్న: నమస్తే అన్నా. నేను హన్మకొండల ఒక చిన్న ప్రైవేటు ఆఫీసుల మ్యాపుల పని చేస్త, చెరువులు, కాలువలు, ఊర్ల హద్దులు, ఎక్కువ ఇవే. ఇన్నేండ్లు ఆర్క్‌మ్యాప్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ మీదనే చేసినం, ఇప్పుడు దాన్ని తీసేసి అందరికి ఆర్క్‌జీఐఎస్ ప్రో పెట్టిన్రు. మ్యాప్ చేసుడు మెల్లగ అలవాటైతుంది గని ఆర్క్‌క్యాటలాగ్ లేకపోయేసరికి చెయ్యి ఆడుతలేదు. పొద్దున రాంగనే అది ఓపెన్ చేసి ఎవరు ఏ ఫైలు పంపిన్రు, దాంట్ల ఏమున్నది అని చూసుకుని అప్పుడు పని మొదలు పెట్టేటోన్ని. ఇప్పుడు ఒక్క ఫైలు చూడాలన్నా ప్రాజెక్టు అంటది, మ్యాప్ అంటది. మా దగ్గర వరంగల్ పేరు మీదనే మస్తు ఫైళ్లున్నయి, ఏది ఏందో పేరు చూస్తే తెల్వదు. ఆ పాతదాని లెక్క ఏదన్న ఉన్నదా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్మీ, ప్రోలకు మారినోళ్లు చాలామంది రాంగనే అడిగేది ఇదే, నువ్వు అడిగిందాంట్ల న్యాయం ఉన్నది. ఆర్క్‌క్యాటలాగ్ మ్యాప్ గీసేది కాదు, డేటా చూసేటందుకే పెట్టిన వేరే ప్రోగ్రాం. ఎడమ పక్కన ఫోల్డర్లు, కుడి పక్కన కంటెంట్స్, ప్రివ్యూ, డిస్క్రిప్షన్ అని మూడు ట్యాబులు. షేప్‌ఫైల్ (మ్యాపు గీతలు, వాటి వివరాలు దాచే ఫైలు రకం) మీద క్లిక్ కొడితే బొమ్మ కనపడేది, కింద మార్చుకుంటే టేబుల్ కనపడేది, ఎవడు చేసిండు ఎప్పుడు చేసిండు రాసి ఉంటే అది గూడ కనపడేది. దాని విలువ తెల్వనోళ్లు "గంతేనా, విండోస్ ఫోల్డర్ల చూసుకోరాదు" అంటరు, ఆ మాట నేను అస్సలు ఒప్పుకోను. షేప్‌ఫైల్ అంటే ఒక్క ఫైలు కాదు, ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్ ఈ మూడు లేకపోతే అది నడవదు, పీఆర్‌జే లేకపోతే ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని మ్యాపు మీద పరిచిన లెక్క, ఏందో తెల్వదు. విండోస్‌ల ఒకదాని పేరు మార్చి పక్కదాన్ని ఇడిసిపెడితే మొత్తం లేయర్ (మ్యాపుల ఒక్కో పొర) పాయె. ఫైల్ జియోడేటాబేస్ (చాలా లేయర్లు ఒక్క కాడ దాచే ఫోల్డర్) అయితే ఇంకా ఘోరం, ఫోల్డర్ తెరిస్తే ఇంగ్లీషు "a" అక్షరం తోటి మొదలై నిండ సున్నాలే ఉన్న పేర్లు కనపడతయి, దాంట్ల చెరువులేవో రోడ్లేవో దేవునికే ఎరుక.

సూటిగ చెప్త, ఆ వేరే ప్రోగ్రాం మళ్ల రాదు. ఆర్క్‌మ్యాప్, ఆర్క్‌క్యాటలాగ్ రెండు ఒక్క సెట్టే, దాని ఆఖరి వెర్షన్ 10.8.2, కంపెనీ సపోర్టు 2026 మార్చి 1 వరకే. ఆ రోజు తోటి కంప్యూటర్ల ఉన్నది ఆగిపోదు గని ప్యాచులు రావు, కొత్త విండోస్‌ల ఏమన్న తేడా వస్తే అడిగేతందుకు దిక్కుండదు.

అట్లని ప్రోల చూసుకునే దారి లేదనుకోకు. క్యాటలాగ్ పేన్ వేరు, క్యాటలాగ్ వ్యూ వేరు. పక్కన సన్నగ కనపడేది పేన్, దాన్నే చూసి చాలామంది "ఇంతేనా" అని ఇడిసిపెడతరు. నీకు కావాల్సింది వ్యూ. మొదటి పేజీల టెంప్లేట్లు కనపడే కాడ మ్యాప్ కాకుండ క్యాటలాగ్ అనేది ఎంచుకో, లేదంటే ఏ టెంప్లేట్ లేకుండనే మొదలు పెట్టి పైన వ్యూ ట్యాబుల క్యాటలాగ్ వ్యూ కొట్టు. మ్యాప్ తోటి పనే లేదు. ఒక ఫైలును సెలెక్ట్ చేసినంక కుడి పక్కన డీటెయిల్స్ ప్యానెల్ ఉంటది, కనపడకపోతే పైన రిబ్బన్‌ల ఆన్ చేసుకో, అండ్ల మెటాడేటా (ఫైలు గురించి రాసుకున్న వివరాలు), జాగ్రఫీ, టేబుల్ అని ట్యాబులుంటయి. ఇదే నీ పాత ప్రివ్యూ, జాగ మారింది అంతే.

ఒక తేడా మాత్రం నిజంగనే ఇబ్బంది పెడతది. ఆర్క్‌క్యాటలాగ్‌ల ఒకసారి ఫోల్డర్ కనెక్ట్ చేస్తే ఎప్పుడు తెరిచినా ఉండేది, ప్రోల ఆ కనెక్షన్ ఏ ప్రాజెక్టుల పెడితే దాంట్లనే ఉంటది, కొత్త ప్రాజెక్టు తెరిస్తే మళ్ల మొదటికే. అందుకని నీ డేటా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి యాడ్ టు ఫేవరెట్స్ చెయ్యి, ఇంకొంచెం సుఖం కావాలంటే అక్కడనే యాడ్ టు న్యూ ప్రాజెక్ట్స్ అని ఉంటది అది గూడ కొట్టు, ఇగ ప్రతి కొత్త ప్రాజెక్టుల ఆ ఫోల్డర్ దానంతటదే వస్తది.

ఇగ నువ్వు చెప్పిన వరంగల్ ఫైళ్ల సంగతి, నాకు అసలు ముచ్చట ఇదే అనిపించింది. మన దగ్గర ఫైలు పేరు చూసి లేయర్ ఎత్తుకుంటే మునిగినట్టే. 2016 అక్టోబర్ 11 ముందు వరంగల్ అంటే ఒక్క పెద్ద జిల్లా. ఆ రోజు తోటి అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అని ఐదైనయి, కరీంనగర్ నుంచి కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి అర్బన్‌లకు వచ్చినయి. 2019 ఫిబ్రవరిల ములుగు వేరే జిల్లా అయింది. 2021ల అర్బన్ హన్మకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది, అదొట్టి పేరు మార్పే కాదు, పరకాల హన్మకొండకు వచ్చె, ఖిలా వరంగల్ వరంగల్ జిల్లాకు పోయె. అంటే "వరంగల్ జిల్లా" అని రాసున్న ఫైలు 2015దా 2022దా అనేదాన్ని బట్టి హద్దే వేరు, ఆ హద్దు తోటి చెరువులు కోసి లెక్క తీస్తే లెక్కనే వేరు.

జాగ్రఫీ ట్యాబుల చూస్తే మాత్రం నిమిషంల దొరుకుతది. ఉమ్మడి జిల్లా అయితే ఆకారమే చెప్తది. అర్బన్ అని ఉండి కమలాపూర్ లోపలుంటే 2016 తర్వాతది. రామప్ప చెరువు భూపాలపల్లి జిల్లాల పడితే 2016కు 2019కు నడిమిట్ల తీసిన హద్దు, ములుగుల పడితే ఆ తర్వాతది. టేబుల్ గూడ తెరిచి చూడు, షేప్‌ఫైల్‌ల కాలమ్ పేరుకు పది అక్షరాలే పడతయి, ఇంగ్లీషుల చెరువు నేమ్ అని పెట్టింది చెరువు ఎన్‌ఏ కాడ తెగి ఉంటది, అట్ల తెగిన పేర్లు కనపడితే అది ఎక్కన్నో జియోడేటాబేస్ నుంచి షేప్‌ఫైల్‌గ మార్చి పంపిందయి ఉండొచ్చు, అసలుది పంపమని అడుగు.

ప్రొజెక్షన్ గూడ అప్పుడే చూడాలె. ఎక్స్‌టెంట్‌ల (లేయర్ నాలుగు దిక్కుల హద్దుల అంకెలు) 79, 18 అని చిన్న అంకెలుంటే అక్షాంశ రేఖాంశాలు, ఒకటి మూడు లక్షల చిల్లర ఇంకోటి పందొమ్మిది లక్షల చిల్లర ఉంటే మీటర్లల్ల కొలిచే యూటీఎం 44 నార్త్ ప్రొజెక్షన్ అయి ఉంటది, మన వరంగల్ దాంట్లనే పడతది. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ల నుంచి గీసిన లేయర్లయితే ఎవరెస్ట్ అనే పాత డేటం (భూమి కొలతలకు పెట్టుకున్న ఆధారం) మీద ఉంటయి, దాన్ని జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అని తప్పు రాసి పంపితే చెరువు కట్ట వంద మీటర్లు దాటి జరిగి పక్క పొలాలల్ల కూసుంటది. ఇది మ్యాప్ అంతా చేసినంక కాదు, ముందుగాల పట్టుకోవాల్సిన తప్పు.

ఒక పని అడుగుత, చెయ్యి తమ్మీ. చూసిన ఫైలుకల్లా మెటాడేటాల రెండు లైన్లు రాసిపెట్టు, ఎవరిచ్చిన్రు, ఏ తేదీ హద్దు, ఏ ప్రొజెక్షన్. షేప్‌ఫైల్ అయితే అది పక్కన ఎక్స్‌ఎంఎల్ ఫైలుల పడతది, కాపీ చేసేటప్పుడు దాన్ని గూడ తీస్కపోవాలె. రేపు ఇంకో సాఫ్ట్‌వేర్ వచ్చి ఈ వ్యూ గూడ పోయిందనుకో, రాసింది మాత్రం ఫైలు తోటే ఉంటది.

ప్రశ్న: సార్, మా కాలేజీల క్యూజీఐఎస్ అనే ఇంకో మ్యాపుల సాఫ్ట్‌వేర్ నేర్పుతున్నరు. దాంట్ల డేటా చూసుకునే ఇసొంటిది ఉంటదా?
– ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: ఉంటదమ్మా. ఒకప్పుడు క్యూజీఐఎస్‌కు గూడ బ్రౌజర్ అని వేరే ప్రోగ్రాం ఉండె, 2018ల 3.0 వచ్చినప్పుడు తీసేసిన్రు. ఇప్పుడు బ్రౌజర్ ప్యానెల్ లోపలనే ఉంటది. ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి లేయర్ ప్రాపర్టీస్ తెరిస్తే మెటాడేటా, ప్రివ్యూ, అట్రిబ్యూట్స్ మూడు ట్యాబులు వస్తయి, మ్యాప్‌ల యాడ్ చేసే అవసరం లేదు. డబ్బులు పెట్టే పని లేదు, ఇంట్ల గూడ వేసుకో. ఒట్టిగ ఫైళ్లు చూసుకునేటందుకు నాకైతే ఇదే తొందరగ అనిపిస్తది.

ప్రశ్న: మా దగ్గర పాత పర్సనల్ జియోడేటాబేస్‌లు, అంటే ఎండీబీ ఫైళ్లున్నయి. ప్రోల కనపడ్తలేవు. డేటా పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: పోలేదు, భయపడకండి. ప్రో పర్సనల్ జియోడేటాబేస్‌ను తీసుకోదు, అంతే. ఆఫీసుల ఏ ఒక్క కంప్యూటర్ల ఆర్క్‌మ్యాప్ ఇంకా ఉన్నా దాన్ని తీసేయకముందే ఆర్క్‌క్యాటలాగ్‌ల కొత్త ఫైల్ జియోడేటాబేస్ చేసి పాతదాంట్ల నుంచి కాపీ కొట్టి దాంట్ల పేస్ట్ చెయ్యండి, డొమైన్లు (కాలమ్‌ల ఏ విలువలు రావాలో చెప్పే జాబితాలు), రిలేషన్‌షిప్ క్లాసులు (టేబుళ్ల నడుమ లింకులు) గూడ వస్తయి. ఎక్కడా లేకపోతే క్యూజీఐఎస్‌ల ఎండీబీ తెరిచి లేయర్లను జియోప్యాకేజ్ అనే ఫైలుగ సేవ్ చేసుకోవచ్చు, విండోస్‌ల యాక్సెస్ డ్రైవర్ ఉండాలె. కాకపోతే ఈ దారిల డొమైన్లు, రిలేషన్లు ఉన్నయి ఉన్నట్టు వస్తయని అనుకోకండి, మార్చినంక ఒక్కో లేయర్‌ల ఎన్ని రికార్డులున్నయో పాతదాని తోటి సరిచూసుకోండి, అసలు ఎండీబీని మాత్రం డిలీట్ చెయ్యకండి.