అత్తగారి స్టెంట్ బిల్లు నా పేరు మీద పెట్టొచ్చా?

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్‌ని, మావారిది ప్రైవేట్ ఉద్యోగం. రెండు నెలల క్రితం మా అత్తగారికి గుండెనొప్పొస్తే రాత్రికి రాత్రి ప్రైవేట్ హాస్పిటల్లో చేర్చాం, స్టెంట్ వేశారు, హెల్త్ కార్డులో ఆవిడ పేరు లేదు కాబట్టి డబ్బంతా మేమే కట్టాం. స్టాఫ్‌రూమ్‌లో ఒకరు ఆ డబ్బు గవర్నమెంట్ నుంచి తిరిగొస్తుంది, బిల్లు పెట్టుకోమంటారు, ఇంకొకరు రాదంటారు. మా అమ్మ కూడా నా దగ్గరే ఉంటుంది, వచ్చే నెల ఆవిడకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్. ఏం చెయ్యమంటారు?
– ఓ పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: అత్తగారిది రాదమ్మా. మనకి నడిచేది 1972 నాటి మెడికల్ అటెండెన్స్ రూల్స్, అందులో ఫ్యామిలీ అంటే భార్య లేదా భర్త, పిల్లలు, ఉద్యోగి మీద ఆధారపడ్డ సొంత తల్లిదండ్రులు, అంతే. ఆవిడకి రోజూ అన్నం పెట్టేది మీరే అయినా రూల్‌కి అది పట్టదు. వస్తుందన్న వాళ్ళు బహుశా సెంట్రల్ వాళ్ళని చూసి చెప్పుంటారు, వాళ్ళ హెల్త్ స్కీమ్ సీజీహెచ్ఎస్‌లో ఆడ ఉద్యోగులు అమ్మానాన్ననో అత్తమామల్నో ఎవరో ఒకరిని ఎంచుకోవచ్చు, మన స్టేట్‌లో ఆ చాయిస్ లేదు. అన్యాయమే అంటాను నేనైతే.

అమ్మగారి సంగతి వేరు, పెళ్ళైన కూతురైనా ఆవిడ మీ మీదే ఆధారపడి ఉంటే వస్తుంది. ముందు ఒకటి చూసుకోండి, నాన్నగారు గవర్నమెంట్‌లో చేసి ఆవిడకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంటే ఆవిడకే సొంతంగా హెల్త్ కార్డు ఉంటుంది, మీ కార్డులో ఎక్కించే పనే లేదు. పెన్షన్ లేకపోతే మాత్రం రేపే మీ హెడ్‌మాస్టర్‌గారిని కలిసి ఈహెచ్ఎస్ కార్డులో, అంటే మీ హెల్త్ కార్డులోనే, పేరు ఎక్కించండి, ఇంకా నెల టైముంది కదా. ఈ కార్డు చెల్లే నెట్‌వర్క్ హాస్పిటల్‌కి వెళ్ళి, అక్కడ హెల్ప్ డెస్క్‌లో ఉండే ఆరోగ్యమిత్రని అడిగి, ఆపరేషన్ ప్యాకేజీలో (రేటు ముందే ఖాయం చేసిన వైద్యాల లిస్టులో) ఉంటే చేయించేసుకోండి, రీయింబర్స్‌మెంట్ ఫైలు వెనక తిరగడం కంటే అది వెయ్యి రెట్లు సుఖం.

తప్పక డబ్బు కట్టి క్లెయిమ్ పెట్టాల్సొస్తే డిశ్చార్జి అయిన ఆరు నెలల్లోపు పెట్టాలి, పైగా బిల్లు ఎంతైతే అంతా రాదు, ప్యాకేజీ రేటు వరకే ఇస్తారు. ఎక్కువ ఫైళ్ళు వెనక్కొచ్చేది ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఈ వైద్యం, మందులు అవసరమేనని డాక్టర్ ఇచ్చేది) దగ్గరే, అందులో రాసిన మొత్తానికీ బిల్లుల టోటల్‌కీ పది రూపాయలు తేడా వచ్చినా ఆబ్జెక్షన్ రాస్తారు, కాబట్టి డాక్టర్ సంతకం, స్టాంపు పడకముందే కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చోండి. మెడికల్ షాపు బిల్లు మీద పేషెంట్ పేరు ఉండాలి. ఆ నున్నటి కాగితం బిల్లులైతే వారంలోపే జిరాక్స్ తీసి పెట్టుకోండి, నేను సెక్షన్‌లో ఉన్నప్పుడు ఒక మాస్టారు తెచ్చిన కవర్‌లో పదకొండు బిల్లులూ అక్షరం కనపడకుండా తెల్లగా అయిపోయున్నాయి, పాపం ఆయన కవర్ తిరగేసి మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉన్నారు. ఇంతకుముందు ఈ డబ్బు తీసుకోలేదని నాన్‌డ్రాయల్, అమ్మ మీమీదే ఆధారపడిందని డిపెండెన్సీ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, ఎమర్జెన్సీ అయితే దానికో సర్టిఫికెట్, ఇవన్నీ రెండు సెట్లు చేయించి ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి 24, పీజీ చదువుతున్నాడు, హెల్త్ కార్డులో ఇంకా ఉంచొచ్చా?
– ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఉద్యోగం లేకపోతే 25 నిండేదాకా ఉంచొచ్చు. 25 దాటాక చదువు ఇంకా అవ్వలేదంటే మాత్రం ఒప్పుకోరు. అమ్మాయికైతే వయసు లెక్క లేదు, పెళ్ళో ఉద్యోగమో వచ్చేదాకా ఉంటుంది.