నాగోల్‌లో మూసీ దగ్గర ఫ్లాట్ కొనొచ్చా? ఆరేళ్లుగా ఉంటున్నదాన్ని, నా అనుభవం చెబుతాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: తార్నాకలో కిరాయికి ఉంటున్నారు. ఇద్దరికీ హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలు. నాగోల్ బ్రిడ్జి దాటాక, మూసీకి దగ్గర్లో మూడో అంతస్తులో టూ బీహెచ్‌కే చూశారు. కట్టి ఎనిమిదేళ్లైంది, 72 లక్షలు చెబుతున్నారు. మూసీ బాగుపడితే రేటు డబులవుతుందని ఏజెంటు అంటున్నాడు. తీసుకోవాలా, వదిలేయాలా?

మేం 2019 చివర్లో ఇదే చుట్టుపక్కల కొన్నాం. సరిగ్గా అదే మాట అప్పుడు మా ఏజెంటూ అన్నాడు. మనిషి వేరు, మాట అదే. కాబట్టి ముందు మేం ఎందుకు కొన్నామో చెప్తాను, తర్వాత ఇక్కడ బతకడం ఎలా ఉంటుందో చెప్తాను.

కొన్నది మెట్రో కోసం. ఇందులో దాచేదేం లేదు. రాయదుర్గం వెళ్లే లైనులో నాగోలే మొదటి స్టేషను. పొద్దున ఎనిమిదింటికి ఎక్కినా సీటు దొరుకుతుంది, రాయదుర్గం దాకా గంట లోపు చేరిపోతాం. మా వారు ఆ గంటలో సగం నిద్ర పూర్తి చేసుకుంటారు. తార్నాకలో ఎక్కేవాళ్లకు ఆ భాగ్యం లేదని మీకే తెలుసు. అప్పట్లో హబ్సిగూడలో చూసిన ఇంటికీ దీనికీ పదిహేను లక్షలు తేడా. ఆ తేడా ఎందుకో ఇల్లు మారాక తెలిసింది.

ఇక్కడుండే మాకు మూసీ రోజూ కంటికి కనపడదు. మాకూ దానికీ మధ్య రెండు వీధులున్నాయి. దాని క్షేమసమాచారాలన్నీ ముక్కుకే అందుతాయి. ఎండాకాలం పగలు గాలి వీస్తుంటే పెద్దగా తెలియదు. డిసెంబరు, జనవరిలో మాత్రం గాలి కదలదు, మంచు దిగుతుంది. రాత్రి పదకొండు దాటాక, మళ్లీ తెల్లారుజామున, కుళ్లిన కోడిగుడ్డు వాసన కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తుంది. అలవాటైపోతుందని అందరూ చెప్తారు. నిజమే, అలవాటవుతుంది. కానీ చుట్టాలు వచ్చినప్పుడల్లా వాళ్ల ముఖాలు చూసి మళ్లీ గుర్తొస్తుంది.

వాసన ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాళ్లం. ఇంటికొచ్చిన కొత్తలో మా అత్తగారు ఇచ్చిన వెండి కుందులు దేవుడి గూట్లో పెట్టాను. నల్గొండ జిల్లా కేతేపల్లి దగ్గర వాళ్ల ఊళ్లో పండక్కి ఒకసారి తోమితే మళ్లీ పండగ దాకా తెల్లగా ఉండేవట. ఇక్కడ పదిహేను రోజులకే పసుపు రంగు తిరిగి, నెల తిరిగేసరికి ఇనప సామానులా నల్లబడ్డాయి. నేనే సరిగ్గా తోమట్లేదనుకున్నారావిడ. ఒకసారి వచ్చి స్వయంగా విభూతి పెట్టి తోమి, తళతళలాడించి వెళ్లారు. మూడు వారాల తర్వాత వీడియో కాల్‌లో చూపించాను. అప్పుడు నమ్మారు.

మురుగునీళ్లలోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ చేసే పని ఇది. వెండి నల్లబడితే తోముకోవచ్చు. రాగినీ వదలదే, అదీ అసలు బాధ. మొదటి ఏసీ రెండో వేసవిలో చల్లబరచడం మానేసింది. గ్యాస్ నింపించాం, మూడు నెలలకు మళ్లీ ఖాళీ. మెకానిక్ వచ్చి కవరు విప్పి, నల్లగా మాడినట్టున్న కాపర్ కాయిల్ మీద సబ్బు నురగ పూశాడు. ఒకచోట కాదు, నాలుగుచోట్ల బుడగలు వచ్చాయి. "ఈ లైన్ల అన్ని ఇండ్లల్ల ఇదే కత మేడం, నాకు నెలకు పది కాయిల్స్ ఇక్కడ్నే" అన్నాడు, మనకు నష్టమైనా తనకు పంటే అన్నట్టు. ఆరేళ్లలో రెండు కాయిల్స్ మార్చాం. అందుకే ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు హాల్లో ఫాల్స్ సీలింగ్ కాదు చూడాల్సింది. బాల్కనీలో ఏసీ బయటి యూనిట్ వెనక కాయిల్ చూడండి, స్విచ్ బోర్డు ఒకటి విప్పించి లోపల రాగి తీగల రంగు చూడండి. ఆ ఇంటికి వాసన ఎంత తగులుతుందో అమ్మేవాళ్లు చెప్పకపోయినా ఆ రాగి చెప్తుంది.

దోమల గురించి నేను చెప్పక్కర్లేదు, ఫిబ్రవరిలో ఒక సాయంత్రం వచ్చి ఐదు నిమిషాలు నిలబడితే చాలు. గుర్రపు డెక్క పేరుకున్న ఏడాది మరీ ఘోరం. అన్ని కిటికీలకూ జాలీలు, మెయిన్ డోరుకీ జాలీ తలుపు, ఆరు దాటితే బాల్కనీ బంద్. రివర్ వ్యూ బాల్కనీ అని ఎక్కువ డబ్బు అడుగుతున్నారంటే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

వానాకాలం మాత్రం వేరే ఊరిలా ఉంటుంది. గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారంటే నాలుగైదు రోజులు నది నిజంగా నదిలా పారుతుంది. వాసన మాయం. సాయంత్రాలు జనం బ్రిడ్జి మీద ఆగి మరీ ఫోటోలు తీసుకుంటారు. మా పిల్లవాడు మొదటిసారి చూసి "అమ్మా, మన నాలా ఇంత పెద్దదా" అన్నాడు. మాకు పండగలా ఉన్న ఆ నీళ్లే పైన చాదర్‌ఘాట్, మూసానగర్ బస్తీల్లో ఇళ్లలోకి దూరతాయి కాబట్టి ఆ సంతోషం పైకి చెప్పుకోలేం. 2025 సెప్టెంబరు చివర్లో ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్లొచ్చాయి, చూసే ఉంటారు.

ఇక వరద. 1908 సెప్టెంబరు 28 నాటి వరద తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఆ రెండు జలాశయాలు కట్టారు. ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట) 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అంటే నది పొంగు చాలావరకు గేట్ల చేతిలో ఉంది, ముందే హెచ్చరిక వస్తుంది. మా వైపు కొంపముంచేది నది కాదు, నాలాలు. 2020 అక్టోబరు 13 రాత్రి మా పక్క వీధిలో నడుం లోతు నీళ్లు నిలిచాయి. మూసీ గట్టు దాటి రాలేదు. పై చెరువులు నిండి నాలాలో పడ్డ నీళ్లు, నదిలో మట్టం ఎక్కువుండటంతో అందులో కలవలేక వెనక్కి తన్నాయి. నదికి మాకంటే దూరంగా ఉన్నవాళ్ల కార్లు మునిగాయి, మా సెల్లార్ పొడిగా ఉంది. కాబట్టి నది ఎంత దూరమని ఒక్కటే అడక్కండి. నాలా ఎటు పోతుంది, మీ వీధి పక్క వీధికంటే ఎత్తా పల్లమా అని అడగండి. ఎవర్ని అంటారా? ఏజెంటును కాదు. కింద టిఫిన్ సెంటరు వాళ్లను, ఇస్త్రీ బండి అతన్ని, వాచ్‌మన్‌ను. "2020లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి" అంటే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

కాగితాల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, అక్కడే నాకు భయం. 2012 నాటి జీవో 168 ప్రకారం నగరపాలక సంస్థ పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్లు బఫర్, అంటే ఇళ్లు కట్టకూడని మేర. 2024 సెప్టెంబరులో మూసీ గర్భంలో ఉన్నాయంటూ ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసినప్పుడు, చైతన్యపురి వైపు కాలనీలవాళ్లు రోడ్డెక్కారు. చేతిలో రిజిస్ట్రేషన్, ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు అన్నీ ఉన్నవాళ్లు. ఆ వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరూ నిద్రపోలేదు. మా మామగారు ఊరి నుంచి వచ్చి, పొలం కొలిచే టేపు పట్టుకుని గేటు దగ్గర్నుంచి గట్టు దాకా కొలిచారు. 190 మీటర్లు. ఆయన ఊపిరి పీల్చుకున్నారు గానీ, టేపు లెక్క మనకు ధైర్యమే తప్ప రుజువు కాదు. నది అంచు ఎక్కడో చెప్పాల్సింది నీటిపారుదల శాఖ.

మాకు జరిగింది చెప్తాను. మేం ముందు అడ్వాన్సు ఇచ్చిన ఫ్లాటు ఇది కాదు, గట్టుకు ఇంకా దగ్గర్లో మరొకటి. బిల్డరు జిరాక్సులన్నీ ఇచ్చాడు. బ్యాంకు కూడా లోన్‌కి సరేనంది. మా చిన్నాన్న ఒకాయన రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యారు, ఆయనొచ్చి ఇరిగేషన్ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని నీటిపారుదల శాఖ ఇచ్చే కాగితం, ఏదని అడిగారు. "వస్తుంది సార్, ప్రాసెస్‌లో ఉంది" అన్నాడు. రెండు నెలలు అలాగే అన్నాడు. లోన్ ఇచ్చారంటే అంతా క్లియరేననుకునేదాన్ని నేను. బ్యాంకు లాయరు చూసేది యాజమాన్యం చేతులు మారిన లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఈసీ. బఫర్ సంగతి ఆయన చూసి ఉంటాడని మనం అనుకోవడమే. చివరికి వెనక్కి తగ్గితే రెండు లక్షల అడ్వాన్సులో లక్షన్నర తిరిగొచ్చింది, మిగతా యాభై వేలకు తిరగలేక వదిలేశాం. ఇప్పుడు ఆ బిల్డింగు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఆ యాభై వేలు చాలా చౌక అనిపిస్తుంది.

మీది ఎనిమిదేళ్ల బిల్డింగు కాబట్టి శాంక్షన్ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రెండూ అడగండి. ప్లాన్‌లో ఎన్ని అంతస్తులున్నాయి, పైన ఎన్ని కట్టారు, లెక్కపెట్టండి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం వేసుకోండి, పూర్తి రేటుకు రాయిస్తే ఐదు లక్షల నలభై వేలు. 50 లక్షలు దాటింది కాబట్టి అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్, అంటే పన్ను, మీరే పట్టుకుని కట్టాలి, మర్చిపోతే నోటీసు మీకే వస్తుంది.

ఇక సుందరీకరణ. 1990ల చివర్లో నందనవనం అన్నారు. 2017లో మూసీ రివర్‌ఫ్రంట్ కోసం ప్రత్యేకంగా కార్పొరేషనే పెట్టారు. ఇప్పుడు 55 కిలోమీటర్ల మేర బాగుచేస్తాం, గోదావరి నీళ్లు తెస్తాం అంటున్నారు. ఏమీ జరగలేదని అనను. అంబర్‌పేట, నాగోల్ పాత ప్లాంట్లు రెండూ కలిపి రోజుకు 50 కోట్ల లీటర్లకు పైగా మురుగు శుద్ధి చేయగలవు. ఈ మధ్య కొత్తవీ కట్టారు. ఉప్పల్ భగాయత్ వైపు మినీ శిల్పారామం వచ్చింది, రోడ్లు వచ్చాయి. మా అత్తగారికి మాత్రం వీటిలో దేనిమీదా నమ్మకం లేదు. వాళ్ల పొలం మూసీ ప్రాజెక్టు కాలువ కింద. "మీరు వద్దనుకున్న నీళ్లే మా వరికి వస్తాయి, అవి తెల్లగైన నాడు నాకే ముందు తెలుస్తది" అంటారు. ఇంకా ఆ కబురు రాలేదు.

కాబట్టి నా సలహా: ఈ రోజు ఉన్న మూసీకి ఎంత రేటు ఇవ్వొచ్చో అంతే ఇవ్వండి. రేపటి మూసీకి ముందే డబ్బు కట్టకండి. పదేళ్లు అక్కడే ఉండి, మెట్రో ఎక్కి ఉద్యోగం చేసుకునే ఉద్దేశమైతే ఇది మంచి చోటే. స్కూళ్లు దగ్గర, మార్కెట్ దగ్గర, పక్కింటివాళ్లు మాట్లాడతారు. నేను ఇల్లు అమ్ముకుని పోయే ఆలోచనలో లేను. కానీ మూడేళ్లలో అమ్మి లాభం చూద్దామనుకుంటే వద్దు. ఇంట్లో ఆస్తమా ఉన్న పెద్దవాళ్లో, చంటిపిల్లలో ఉంటే గట్టుకు ఇంకాస్త దూరంగా, అల్కాపురి వైపు చూడండి.

72 లక్షలకు నేనైతే ఆ ఫ్లాటు తీసుకోను. రివర్ వ్యూ అని కలిపిన నాలుగైదు లక్షలు తీసేయమని, రెండు ఏసీ కాయిల్స్ ఖర్చు తగ్గించమని బేరం మొదలుపెట్టండి. 65 దగ్గర తెగి, ఎన్‌ఓసీ చేతికి వస్తే ఆలోచించండి. అడ్వాన్సు ఇచ్చేముందు ఒక్కసారి చలికాలం రాత్రి పదకొండున్నరకు వచ్చి ఆ బాల్కనీలో కాసేపు నిలబడండి. అమ్మేవాళ్లు రాత్రిపూట కుదరదంటే, కిందనే రోడ్డు మీద నిలబడినా సరిపోతుంది.