రేడాన్ 7 వచ్చిన ఇల్లు వదులుకోవాలా? మా అమ్మాయి ఇంట్లో జరిగింది చెబుతాను

అన్నగారూ, మీ అబ్బాయి పెన్సిల్వేనియాలో కొనబోయే ఇంట్లో గాలి కొలిస్తే రేడాన్ అనే గ్యాస్ 7 వచ్చిందన్నారు. మీరిద్దరూ అక్కడికి వెళ్తే ఆరు నెలలు బేస్‌మెంట్ గదిలోనే ఉంటారు కాబట్టి ఆ ఇల్లు వద్దనాలా అని అడిగారు. ఒంగోలులో కడుతున్న ఇంటికి చీమకుర్తి గ్రానైట్ వేస్తే ఇక్కడా ఇదే గొడవ వస్తుందా అని కూడా మీ సందేహం. మేమూ ఒంగోలులోనే ఉంటాం. అమెరికాలోనే అయోవా రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట్లో ఇదంతా దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఇల్లు నచ్చితే వదులుకోవద్దు. 7 తగ్గించుకోగలిగిన అంకే. కాకపోతే తగ్గించి, మళ్లీ కొలిచి చూసుకునేదాకా మీరు ఆ కింది గదిలో పడుకోవద్దు.

నేలలో ఉండే యురేనియం క్రమంగా క్షీణిస్తుంటే మధ్యలో పుట్టే గ్యాసే రేడాన్. రంగు, వాసన ఉండవు. ఆరుబయట గాలిలో కలిసిపోతుంది. చలికాలంలో తలుపులన్నీ బిగించి హీటర్ వేస్తే ఇంట్లో వేడిగాలి పైకి పోతుంది, దాంతో ఇల్లు నేలలోని గాలిని పగుళ్లలోంచి లోపలికి లాక్కుంటుంది. అందుకే బేస్‌మెంట్‌లో ఎక్కువ. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, సిగరెట్ అలవాటున్నవాళ్లకు మరీ ఎక్కువ. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికతను కొలిచే లెక్క) దాటితే తగ్గించుకోవాలి. 1984లో ఆ పెన్సిల్వేనియాలోనే స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు తను పనిచేసే అణువిద్యుత్ కేంద్రంలోకి అడుగుపెడుతుంటే అలారం మోగిందట. వెతికితే కారణం ఆయన ఇల్లే. అక్కడ రేడాన్ అదే లెక్కలో సుమారు 2,700 ఉంది. మీ 7ను దాని పక్కన పెట్టి చూసుకోండి, భయం కొంచెం తగ్గుతుంది.

మా అమ్మాయి ముందు రేడాన్ కొలిచే బొగ్గుపొడి డబ్బా తెప్పించి బేస్‌మెంట్‌లో నేలకు రెండడుగుల ఎత్తున స్టూలు మీద పెట్టింది. డబ్బా పెట్టడానికి 12 గంటల ముందు నుంచి తీసేదాకా కిటికీలు మూసే ఉంచాలి, మనుషులు వచ్చేపోయే తలుపు తప్ప ఏదీ తెరవకూడదు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. రెండో రోజు చేపల పులుసు పెట్టాను. వాసన కిందిదాకా దిగిందని బేస్‌మెంట్ కిటికీలు రెండూ సాయంత్రం దాకా తీసి పెట్టాను. రిజల్ట్ 3.1 వచ్చింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. నెల తర్వాత మాటల్లో కిటికీల సంగతి బయటపడితే మళ్లీ పెట్టించింది. ఈసారి 9.6. అప్పటికి రెండు నెలలుగా మేమిద్దరం పడుకుంటున్నది ఆ గదిలోనే. అమ్మాయి ఏడ్చేసింది. ఆ రాత్రే పరుపులు పైకి మార్చాం. కాబట్టి మీ 7 కూడా కిటికీలు మూసి కొలిచిందేనా అని అబ్బాయిని అడగండి.

తగ్గించే పని ఒక్క రోజులో అయిపోయింది. లైసెన్సున్న మనిషి వచ్చి బేస్‌మెంట్ కాంక్రీటుకు జానెడు లోపు రంధ్రం వేసి, అడుగున ఉన్న కంకర, మట్టి చేత్తో తోడి బకెట్‌లో పోశాడు. అందులో పీవీసీ గొట్టం దించి గోడ వెంట బయటికి తీసి, కప్పు దాటించాడు. బయటి భాగంలో ఫ్యాన్ బిగించాడు. ఆ ఫ్యాన్ ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతూ గ్యాస్ ఇంట్లోకి రాకముందే నేల అడుగు నుంచి లాగేస్తుంది. పగుళ్లు, నీళ్లు తోడే గుంత మూత కూడా సీల్ చేశాడు. పగుళ్లు పూడిస్తే సరిపోదా అని మా ఆయన అడిగితే, అదొక్కటే చేస్తే లాభం లేదన్నాడు. గొట్టం మీద యు ఆకారంలో చిన్న గాజు నాళం, అందులో ఎర్ర ద్రవం ఉంటుంది. రెండు వైపులా మట్టం సమానంగా ఉంటే ఫ్యాన్ లాగడం లేదని గుర్తు. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్లి అది చూసి వచ్చేదాన్ని. మొత్తం 1,400 డాలర్లయింది. వారం తర్వాత కొలిస్తే 1.3. ఆ తర్వాతే కిందికి దిగాం. మీరు ఇంకా కొనలేదు కాబట్టి ఆ ఖర్చు అమ్మేవాళ్లను పెట్టుకోమని అడగొచ్చు, అక్కడ అది మామూలే.

ఇక గ్రానైట్. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. అసలు గ్రానైట్లతో పోలిస్తే అలాంటి నల్లరాళ్లలో యురేనియం తక్కువ. నిశ్చింతగా వేయించుకోండి. మన ఇళ్లలో కిటికీలు ఏడాది పొడవునా తీసే ఉంటాయి, అదే పెద్ద రక్ష. నాకు అనుమానమల్లా మీరు సెల్లార్‌లో కట్టిస్తానన్న ఏసీ గది మీద. కార్లు పెట్టే తెరిచిన సెల్లార్ వేరు, తలుపులు బిగించి ఏసీలో గంటలు గంటలు కూర్చునే గది వేరు. దానికి గాలి బయటికి పోయే ఏర్పాటు ఇప్పుడే, గోడలు లేవకముందే పెట్టించండి.

మా అత్తగారిది కనిగిరి వైపు. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి, కానీ కనీసం పిల్లల పళ్ల మీద గారలాగా బయటపడతాయి. ఈ గ్యాస్ ఆ మాత్రం కూడా బయటపడదు, కొలవాల్సిందే. నేను అమెరికా నుంచి చిన్న డిజిటల్ మీటరు తెచ్చుకుని ఒంగోలులో మా కింది బెడ్‌రూమ్‌లో నెల రోజులు పెట్టాను. 26 చూపించింది. ఒక్కసారి గుండె ఆగినంత పనైంది. తర్వాత చూస్తే అది పికోక్యూరీ కాదు, బెక్వెరెల్ అనే ఇంకో లెక్క. ఘనమీటరుకు 37 బెక్వెరెళ్లయితే లీటరుకు ఒక పికోక్యూరీ. అంటే మాది ఒకటి కన్నా తక్కువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకోమన్న హద్దు 100 బెక్వెరెళ్లు.

అబ్బాయి మళ్లీ డబ్బా పెట్టినప్పుడు వదినగారికి కిటికీల సంగతి ముందే చెప్పండి. వచ్చిన అంకె ఏ లెక్కలో ఉందో కూడా చూసి ఇక్కడ రాయండి.